జారని చక్రం

నిదానం అని అందరూ పిలిచే మనిషి తొందరపడి ప్రాణం మీదికి తెచ్చుకున్నాడంటే నమ్మేదెవరు? నమ్మినా నమ్మకపోయినా కాగితం మీద మాత్రం అలాగే ఎక్కబోతోంది. శుక్రవారం పొద్దున ప్రమాదాలు విచారించే ఇన్‌స్పెక్టరు వస్తాడు, ట్రాక్టరు చుట్టూ ఓసారి తిరుగుతాడు, ‘డ్రైవరు తొందరపాటు’ అని రాసి సంతకం గీకేస్తాడు. ఇక ఆ తర్వాత ఎవరెంత మొత్తుకున్నా అదే నిజం.

ఆ ట్రాక్టరును బుధవారం పొద్దున లారీ మీద వేసుకొచ్చి మేస్త్రి షెడ్డు ముందు దించారు. మేస్త్రి అంటే పోయిన డ్రైవరుకు స్వయానా బావమరిది. తోబుట్టువంటూ ఉన్నది ఒక్క అక్క, ఆ అక్క మొగుడే నిదానం. బావ పోయి నాలుగు రోజులైంది. ఈ నాలుగు రోజులూ మేస్త్రి షెడ్డు తలుపు తీయలేదు. ఇవాళ తీసి, వంగిపోయిన స్టీరింగునూ నుజ్జయిన సీటునూ చూసి, అక్కడే ఒక పాత టైరు మీద కూలబడ్డాడు. లారీతో వచ్చిన కూలీలు తలో దిక్కూ చూశారు.

“నువ్వే చూడవయ్యా మేస్త్రీ,” అన్నాడు వెంట వచ్చిన యజమాని. పొలమూ ఆయనదే, ట్రాక్టరూ ఆయనదే. “నీ చేతిలో పెరిగిన బండే. లోపం బండిలో ఉంటే నేనే ఒప్పుకుంటా. లేదంటే మాత్రం...”

“లేదంటే?”

“లేదంటే ఏముంది, దిగబడ్డ ట్రాలీని లాగబోయి క్లచ్చి గభాల్న వదిలేశాడు, బండి ముందు లేచి మీద తిరగబడింది. పోయినవాణ్ణి అనకూడదు గానీ, తొందరపడ్డాడు.”

మేస్త్రికి ఒళ్ళు మండిపోయింది. అసలే ముక్కు మీద కోపం ఉన్న మనిషి. ఆ కోపానికి జడిసే అతని దగ్గర పనివాళ్ళెవరూ నెల దాటి నిలవరు. చేతిలో ఉన్న పానాను నేలకేసి కొట్టాడు. అది ఎగిరి డ్రమ్ముకు తగిలి ఖంగుమంది.

“మా బావ తొందరపడ్డాడా? చొక్కా గుండీలు పెట్టుకోడానికి పావుగంట పట్టే మనిషి! పెళ్ళి ఫోటోకి ‘నవ్వండి’ అంటే, ఫోటో తీసి ఫోటోగ్రాఫరు పెట్టె సర్దుకుంటుంటే నవ్వాడు. ఆయన తొందరపడ్డాడా?”

కూలీల్లో ఒకడికి నవ్వొచ్చి, తప్పని తోచి, దగ్గాడు. యజమాని మాట పెంచలేదు. “చూడు మరి. శుక్రవారం దాకా టైముంది,” అని వెళ్ళిపోయాడు.

మేస్త్రి ఆ రోజంతా బండి మీదే ఉన్నాడు. క్లచ్ విప్పాడు. పలకలు అరిగి లేవు. పెడలు నొక్కి, ఆనించి, వేలితో సందు కొలిచి, మళ్ళీ నొక్కాడు. మెత్తగా వదులుతోంది, ఎక్కడా పట్టెయ్యడం లేదు. గేరు పెట్టె మూత తీసి లోపలి నూనెను చుక్క చుక్కగా గుడ్డ మీద పోసి, ఇనుప రజను ఉందేమోనని వెలుగులో తిప్పి చూశాడు. లేదు. బ్రేకులు చూశాడు. వెనకాల ట్రాలీ తగిలించే కొక్కెం చూశాడు, దాని పిన్ను చూశాడు. అన్నీ సక్రమంగానే ఉన్నాయి. సక్రమంగా ఉన్న ఒక్కో భాగాన్నీ చూస్తుంటే అతనికి ఏడుపొచ్చింది. ఎక్కడో ఒకచోట ఒక్క పగులు, ఒక్క విరుపు దొరికితే చాలు, బావ బయటపడతాడు. దొరకలేదు. ముందు వైపు చూడాలని అతనికి తోచనే లేదు.

సాయంత్రం చేతులు కడుక్కుని అక్క ఇంటికి వెళ్ళాడు. రెండు గదుల ఇల్లు. అక్క వంటింటి గడప మీద కూర్చుని బావ పనిచొక్కాకు ఊడిన గుండీ కుడుతోంది. ఆ చొక్కా ఇక ఎవరు తొడుక్కోవాలని? మేస్త్రి పక్కనే చతికిలబడ్డాడు.

“ఇంత తిన్నావా?” అంది అక్క.

“నువ్వు తిన్నావా?”

అక్క మళ్ళీ సూది గుచ్చింది.

“అక్కా, చెబుతున్నా విను. బావ మీద మచ్చ పడనివ్వను. తొందరపాటట! వాళ్ళకేం తెలుసు బావ సంగతి? ఆ కాగితం మీద ఆ మాట పడనిస్తే నన్ను తమ్ముడని పిలవకు.”

అక్క దారం పంటితో కొరికింది. తమ్ముడి ముఖంలోకి చూసి ఏదో అనబోయింది. అప్పటికే అతను మళ్ళీ యజమాని మీద విరుచుకుపడుతున్నాడు. ఆమె తల దించుకుని రెండో గుండీ బిగుతుగా ఉందో లేదో లాగి చూసుకుంది.

గురువారం పొద్దున మేస్త్రి పొలానికి వెళ్ళాడు. బండి నోరు విప్పకపోతే నేలయినా విప్పుతుందేమోనని ఆశ. బంగాళాదుంపలు తవ్వేస్తున్న పొలం అది. వానకు నేల నానిపోయి, అడుగు వేస్తే చెప్పును పట్టి లాగుతోంది. దిగబడ్డ ట్రాలీ ఇంకా అక్కడే, ఒక వైపు ఒరిగి, దుంపల బస్తాలతో ఉంది. దాని ముందు ట్రాక్టరు చక్రాల గాళ్ళు రెండున్నాయి. మేస్త్రి మోకాళ్ళ మీద కూర్చుని వాటిని చూశాడు.

చక్రం జారితే గాడి ఎలా ఉంటుందో అతనికి బాగా తెలుసు. టైరు పళ్ళ గుర్తులు చెరిగిపోయి, గోడకు తాపీ పెట్టి పూసినట్టు నున్నగా ఉంటుంది. చక్రం తిరిగీ తిరిగీ తన గొయ్యి తనే తవ్వుకుని ఉంటుంది. ఇక్కడ గొయ్యి లేదు. ఒక్కో పన్నూ ఎక్కడ దిగిందో అక్కడే దిగి, అచ్చు గుద్దినట్టు, అంచులు కూడా విరగకుండా ఉంది. వేలు పెట్టి కొలిచాడు. ఎంత చక్కటి పట్టు! ఒక్క క్షణం, ఆ ఒక్క క్షణం, అతనికి గర్వంగా కూడా అనిపించింది. ఆ పెద్ద చక్రాలు వేసింది తనే మరి.

పాత చక్రాలు చిన్నవి. ఈ తడి నేలలో పడితే చాలు, ఉన్నచోటే గిర్రున తిరిగి బురద చిమ్మేవి. పెద్ద చక్రమైతే నేల మీద ఎక్కువ పొడుగున ఆనుతుంది, ఒకేసారి ఎక్కువ పళ్ళు మట్టిని కరుచుకుంటాయి, జారదు. రెండు వారాల కిందట యజమానికి ఈ మాట చెప్పి ఒప్పించి, చక్రాలు మార్చింది అతనే. జారలేదు కూడా. చెప్పింది చెప్పినట్టే జరిగింది.

దుంపలు ఏరుతున్న ఒక ముసలావిడ బుట్ట దించి దగ్గరకొచ్చింది. “నువ్వు ఆ బాబు బావమరిదివి కదూ,” అంది. “ఎంత మంచివాడు నాయనా. ఆ రోజు నేనిక్కడే ఉన్నా.”

“చూశావా అమ్మా? క్లచ్చి గభాల్న వదిలాడంటున్నారు. బండి ఎగిరిందా?”

“ఎవరన్నారా మాట? వాళ్ళ నోట్లో మట్టి పడ! గట్టు మీంచి ఈ పొలం దొర కానీయ్ కానీయ్ అని ఒకటే గోల. ఈ బాబేమో మూడుసార్లు దిగాడు. దిగినప్పుడల్లా ముందుకెళ్ళి, బండి ముక్కు మీద చెయ్యేసి నొక్కి చూసేవాడు. ఎందుకో మరి. మూడోసారి మమ్మల్నందర్నీ దూరంగా జరగమన్నాడు. మళ్ళీ ఎక్కి మెల్లగా, ఎంత మెల్లగా అంటే ఇంజను చప్పుడు కూడా పెరగలేదు నాయనా, అంత మెల్లగా కదిపాడు.”

“మరి?”

ఆమె రెండు చేతులూ ముందుకు చాపి, ఒకటి కదలకుండా పిడికిలి పట్టి, రెండోదాన్ని దాని మీదుగా వెనక్కి తిప్పి చూపించింది. “చక్రం తిరగలేదు. చక్రం అక్కడే నిలబడింది. బండే లేచి దాని చుట్టూ తిరిగింది.”

మేస్త్రి ఆ పిడికిలి వంకే చూస్తుండిపోయాడు. చక్రం జారకపోతే, వెనక బరువు కదలకపోతే, ఇంజను బలం ఎక్కడికి పోతుంది? ఎక్కడికో అక్కడికి పోవాలి కదా. బండి ముందు భాగాన్ని ఎత్తుతుంది. చిన్న చక్రమైతే జారిపోయేది. బురద చిమ్మేది, గొయ్యి తవ్వేది, అందరి బట్టలూ పాడయ్యేవి, బావ దిగి నవ్వుకుంటూ తల గోక్కునేవాడు. పెద్ద చక్రం వేసినప్పుడు వెనక కొక్కెం కూడా మూడు వేళ్ళ ఎత్తు పైకి లేస్తుంది, అది ముందును ఇంకాస్త తేలిక చేస్తుంది. అందుకే ముందు బరువుండాలి. ముందు బరువులు...

మేస్త్రి ఆ గాడిలోనే కూర్చుండిపోయాడు. “నీళ్ళేమైనా తాగుతావా?” అని ముసలావిడ రెండుసార్లు అడిగింది.

షెడ్డు మూల గోనె పట్టా కింద ఆరు ఇనప దిమ్మలున్నాయి. ట్రాక్టరు ముక్కు కింద వరసగా తగిలించి ఉండేవి. చక్రాలు మార్చిన రోజున వాటిని విప్పింది మేస్త్రే. విప్పమని ఎవరూ అడగలేదు. ‘లాగేది వెనక చక్రాలు కదా, ముందు ఈ ఇనుమంతా మోసి ఏం లాభం? పట్టు ఉంటే చాలు, బరువుతో పనేముంది?’ అని నలుగురి ముందూ అన్నాడు. భలే చెప్పావు మేస్త్రీ అన్నారు నలుగురూ. బావ మాత్రం ఏమీ అనలేదు. ఆ దిమ్మలు ఎత్తి మూలకు మోయడానికి ఓ చెయ్యి వేశాడు, అంతే.

మిట్టమధ్యాహ్నం షెడ్డుకు తిరిగొచ్చాక మేస్త్రి పట్టా తొలగించి వాటి వంక చూశాడు. అతనికప్పుడు వచ్చిన ఆలోచన మంచిది కాదు. మంచిది కాదని తెలిసే వచ్చింది. దిమ్మలు విప్పిన సంగతి యజమానికి గుర్తుండదు, ఆయనకు బండి రంగు తప్ప ఏమీ తెలియదు. భలే అన్న ఆ నలుగురికీ ఆ దిమ్మలెందుకో తెలియదు. తెలిసినవాడు ఒక్కడే, వాడు లేడు. ఇవి మళ్ళీ తగిలిస్తే షెడ్డు నిలుస్తుంది, ఇరవై ఏళ్ళ పేరు నిలుస్తుంది, అన్నిటికంటే ముఖ్యం, అక్క తన ముఖం చూస్తుంది. మొగుణ్ణి మింగినవాడని తెలిస్తే ఏ ఆడది తమ్ముణ్ణి గుమ్మంలోకి రానిస్తుంది? కాకపోతే ఒకటి. ముందు అంత బరువుండి కూడా బండి లేచిందంటే, క్లచ్చి గభాల్న వదిలి ఉండాలి. వేరే దారి లేదు.

మొదటి దిమ్మను రెండు చేతులా ఎత్తి పొట్టకు ఆనించుకుని తెచ్చాడు. రంధ్రంలోకి బోల్టు దూర్చి, వేళ్ళతో నట్టు తిప్పి, పానాతో బిగించాడు. రెండోది. మూడోది. నాలుగోది ఎత్తేటప్పుడు వేలు నలిగి గోరు నల్లబడింది. నొప్పి తెలియలేదు. ఆరూ అయ్యాక, బోల్టులు కొత్తగా మెరుస్తున్నాయని వాటి మీద తడిమట్టి పులిమాడు. తన చెప్పులకు అంటుకొచ్చిన ఆ పొలం మట్టే. పులిమిన చేతిని ప్యాంటుకు తుడుచుకుని, ఆ చేత్తో ముఖం తుడుచుకోబోయి, అసహ్యమేసి, కుళాయి దగ్గరికి పరుగెత్తాడు.

శుక్రవారం పదిగంటలకు ఇన్‌స్పెక్టరు వచ్చాడు. కళ్ళజోడు మనిషి, గొంతెత్తి మాట్లాడేవాడు కాదు. యజమాని గొడుగు చంకలో పెట్టుకుని వెనకే నిలబడ్డాడు. ఇన్‌స్పెక్టరు టేపు తీసి వెనక చక్రం ఎత్తు కొలిచాడు.

“పెద్ద టైర్లు వేశారే?”

“వేశానండి.”

“మంచి పట్టు ఉంటుంది.” ముందుకొచ్చి దిమ్మలు లెక్కపెట్టాడు. వంగి ఒకదాన్ని కదిపి చూశాడు. “బరువులు సరిగ్గానే ఉన్నాయి. క్లచ్, బ్రేకు చూశారా?”

“చూశాను. బాగున్నాయి.”

“అయితే ఇంకేముంది. ఇంత బరువుండీ ముందు లేచిందంటే మనిషి చేతిలోనే ఉంది లోపం.” అట్ట మీద కాగితం పెట్టుకుని రాయడం మొదలుపెట్టాడు. రాస్తూ, మర్యాదకన్నట్టు, “చనిపోయినాయన మీకు చుట్టమటగా?” అన్నాడు.

“మా బావండి.”

“అయ్యో. డ్రైవర్లకు ఈ హడావిడి ఒకటి. ఒక్క నిమిషం ఆగితే సొమ్మేం పోతుంది?”

“అదే నేనూ అన్నది,” అన్నాడు యజమాని. “తొందర మనిషి, పాపం.”

ఇన్‌స్పెక్టరు కాగితం తిప్పి పెన్ను అందించాడు. కింద మేస్త్రి సంతకం చెయ్యాలి. మేస్త్రి పెన్ను తీసుకున్నాడు. కాగితం మీద ‘తొందరపాటు’ అన్న మాట కొంచెం పెద్ద అక్షరాలతో ఉంది. దాని పక్కనే బావ అసలు పేరు. పెళ్ళయినప్పట్నుంచీ ఎవరూ పిలవని ఆ పేరు అక్కడ చూసేసరికి ఎవరో పరాయివాడి పేరులా అనిపించింది. మూడుసార్లు దిగి బండి ముక్కు మీద చెయ్యేసి చూసుకున్న మనిషి. పక్కవాళ్ళను జరగమన్న మనిషి. మేస్త్రి పెన్ను కింద పెట్టేశాడు.

“సార్, ఆ మాట కొట్టెయ్యండి.”

“ఏ మాట?”

“తొందరపాటు అన్న మాట. ఈ దిమ్మలు ఆ రోజు బండికి లేవు. చక్రాలు మార్చినప్పుడు నేనే తీసేశాను. నిన్న మధ్యాహ్నం మళ్ళీ పెట్టాను. ఈ మట్టి కూడా నేను పూసిందే.” బొటనవేలితో ఒక బోల్టును రుద్దాడు. కింద తళతళలాడే కొత్త ఇనుము బయటపడింది.

యజమాని నోరు తెరిచాడు. “నీకేమైనా మతి పోయిందా? ఇది బయటికి పొక్కితే ఇక నీ షెడ్డు మొహం ఎవడు చూస్తాడు?”

“చూడొద్దు. దుంపలేరే ఆవిణ్ణి పిలిచి అడగండి సార్, ఆమె అంతా చూసింది. కానీయ్ కానీయ్ అని ఎవరు అరిచారో కూడా చెబుతుంది.”

యజమాని గొడుగు చంక మార్చుకున్నాడు. ఇన్‌స్పెక్టరు కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, మేస్త్రి ముఖంలోకి కాసేపు చూశాడు. “ఇదంతా రాస్తాను. సంతకం పెడతారా?”

“పెడతాను.”

వేరే కాగితం తీసి రాసేసరికి అరగంట పట్టింది. మేస్త్రి నలిగిన వేలితో, వంకరటింకరగా, పూర్తి పేరు రాశాడు. వాళ్ళు వెళ్ళాక షెడ్డుకు తాళం వేసి, ఎవరైనా చెప్పకముందే తనే చెప్పాలని, అక్క ఇంటికి గబగబా నడిచాడు.

అక్క ఇల్లు ఊడుస్తోంది. తమ్ముణ్ణి చూసి చీపురు గోడకు చేర్చింది. అతను గుమ్మం దాటలేదు. బయటే నిలబడ్డాడు.

“లోపలికి రా. ఏమన్నాడు ఆ ఇన్‌స్పెక్టరు?”

“బావ తప్పేమీ లేదని రాశాడు.”

అక్క కళ్ళు మూసుకుంది. గోడకు చెయ్యి ఆనించి మెల్లగా కిందికి జారి కూర్చుంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇన్ని రోజుల్లో ఆమె ఏడవడం మేస్త్రి చూడలేదు, ఇప్పుడు చూశాడు.

“అక్కా, తప్పు నాది,” అన్నాడు. అని, గుమ్మం బయట నిలబడే మొత్తం చెప్పేశాడు. చక్రాల సంగతి, దిమ్మల సంగతి, నిన్న చేసిన పాడుపని, ఆ మట్టి పులమడం, ఏదీ దాచలేదు. చెప్పడం అయిపోయాక తల దించుకున్నాడు. కొడుతుందేమో, ముఖాన ఉమ్ముతుందేమో, నువ్వూ వద్దు నీ తోడబుట్టడమూ వద్దని తలుపేసుకుంటుందేమో. ఏది చేసినా పడడానికే వచ్చాడు.

అక్క కొంగు నోటి మీంచి తీసింది. “నాకు తెలుసురా,” అంది.

“ఏం తెలుసు?”

“ముందు వైపు తేలిపోతోందని. చక్రాలు మార్చిన మూడో రోజే మీ బావ అన్నారు. బరువు ఎత్తుకున్నప్పుడు స్టీరింగు చేతికి తెలియట్లేదు, ముక్కు గాల్లో ఉన్నట్టుంది, ఆ దిమ్మలు మళ్ళీ పెట్టించాలి అని.”

“మరి నాతో చెప్పలేదేం?” అలవాటు కొద్దీ అతని గొంతు లేచింది. అక్క ఉలిక్కిపడింది. అతనికి సిగ్గేసి, గొంతు తగ్గించి, “చెబితే పది నిమిషాల పని కదక్కా,” అన్నాడు.

“చెబుతానన్నారు. చెప్పులు కూడా వేసుకున్నారు నీ దగ్గరికి రావడానికి.” అక్క కొంగు చివర వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉంది. “నేనే ఆపాను.”

మేస్త్రికి అర్థం కాలేదు.

“పోయినేడు నీ బ్రేకు పని గురించి ఆయన ఒక్క మాట అన్నారు. ఎంత? ఒక్క మాట. ఎనిమిది నెలలు మా గడప తొక్కలేదు నువ్వు. దారిలో ఎదురుపడితే ముఖం తిప్పుకునిపోయావు. ఎన్నిసార్లు కబురు పెట్టానో నీకేం తెలుసు? మళ్ళీ ఈ మధ్యనే కదా రావడం మొదలుపెట్టావు. నలుగురి ముందూ గొప్పగా చెప్పుకున్న పని అది. తప్పు పట్టారంటే చిన్నబుచ్చుకుంటావనిపించింది. మళ్ళీ రావేమోనని భయమేసింది. ఈ దుంపల పని కాస్త అయిపోనివ్వండి, నేను నిదానంగా చెబుతాలెండి వాడికి, అన్నాను. సరేలే, నువ్వే చెప్పు, అని ఆయన చెప్పులు విప్పేశారు.”

వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు. మేస్త్రి ఏదో అనాలనుకున్నాడు. గుమ్మం పట్టుకున్న చెయ్యి పట్టుకున్నట్టే ఉంది, నల్లబడ్డ వేలు కొట్టుకుంటోంది. తను మాట్లాడకపోతే అక్క ఏమనుకుంటుందో అతనికి తెలుస్తూనే ఉంది. అయినా ఒక్క మాట కూడా బయటికి రాలేదు.

అక్క కొంగుతో కళ్ళు తుడుచుకుని, అతని ముఖంలోకి తొంగి చూసింది.

“ఏరా,” అంది భయం భయంగా. “కోపమొచ్చిందా?”